పసరు పోసిన షెడ్డు

కోడి రోగాన్ని ఆపిన ఆకుపసరు మనిషి రోగాన్నీ ఆపుతుందని ఆ కోళ్ల ఫారం చుట్టుపక్కల చాలామంది నమ్మేవారు. ఫారం నడిపే అక్క మరీ గట్టిగా నమ్మింది. రొమ్ములో గడ్డ ఉందని, ఇప్పుడే తీయించుకుంటే ప్రాణభయం లేదని డాక్టరు చెప్పినా ఆమె కదల్లేదు. వేపాకు, వెల్లుల్లి, పసుపు కలిపి కాచిన పసరును బ్రాయిలర్ కోళ్ల నీళ్లలో పోయిస్తూ, తానూ రోజుకో గ్లాసు తాగుతూ కూర్చుంది.

"ఊరికే వాదించకురా," అంది తమ్ముడితో, పొయ్యి మీది గిన్నె కలుపుతూ. "నీకు రుజువులు కావాలి కదా. ఈ బ్యాచ్‌లో మొదటి షెడ్డుకు పసరు, రెండో షెడ్డుకు వట్టి నీళ్లు. తూకంలో తేడా లేకపోతే నువ్వు చెప్పిన రోజున ఆపరేషన్‌కి వస్తా. నాది గెలిస్తే మళ్లీ ఆసుపత్రి మాటెత్తకు."

పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. ఇలాంటి పసర్లు కోళ్ల బరువును కొంత పెంచవచ్చని అతను చదివాడు. కోడి పేగుకు జరిగే మేలుకూ మనిషి గడ్డకూ సంబంధం లేదని పూటంతా వివరించాడు. ఆమె వినలేదు.

"భయపడుతున్నావు."

"అవునక్కా. భయంగానే ఉంది."

"రుజువుల మామయ్యకే భయమా?" అని నవ్వబోయిన అక్క కూతురు, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

చివరికి అతను సరేనన్నాడు. ఒకే చోటి నుంచి తెచ్చిన పిల్లలను రెండు షెడ్లలో వదిలారు. మేత ఒకటే, కింద పరిచిన ఊక ఒకటే. నీళ్ల ట్యాంకులు రెండూ ఒకే ఎత్తయిన గట్టు మీద పక్కపక్కన ఉండేవి. అక్క నిచ్చెన ఎక్కలేదు కనుక, ఆమె కాచి వడకట్టిన పసరును పైకి మోసే పని అతను తీసుకున్నాడు. ఒక్క పూటా మానలేదు.

కోళ్లు ఎదిగేకొద్దీ తేడా కంటికే కనిపించింది. రెండో షెడ్డువి నీళ్లు తాగడానికి వెనకాడాయి, మేత తగ్గించాయి. మొదటి షెడ్డువి బొద్దుగా తయారయ్యాయి. తూకం రోజున అతను కాటాను సరిచూసి, మళ్లీ తూయించాడు. ఫలితం మారలేదు.

"ఇప్పుడేమంటావురా?"

"ఈ పరీక్ష చెల్లదక్కా. నేనే సరిగ్గా చేయలేదు."

"ఓడాక అందరూ అనే మాటే," అని ఆమె అతని భుజం తట్టి, వండుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను ఎప్పుడు నోరు తెరిచినా చెయ్యి అడ్డం పెట్టేది.

గ్లాసు కాస్తా రెండు గ్లాసులయింది. నొప్పికి ఓర్చుకోలేక ఆమె తానుగా ఆసుపత్రికి బయలుదేరేనాటికి, ఇక కోయడం వల్ల ప్రయోజనం లేదన్నాడు డాక్టరు. ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది.

ఆ పసరు ఎలా వాడాలో చెప్పమని పక్క ఫారాల వాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"నీ చేత్తో పోశావు కదా మామయ్యా, నువ్వే చెప్పు," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ.

ఆ బ్యాచ్ మొదలైన రోజు నుంచీ పసరంతా అతను పోసింది రెండో షెడ్డు ట్యాంకులో.