గద్దవ్వ

"పెద్ద డబ్బా ఎందుకత్తా? చిన్నది చాలు."

"చిన్నదాంట్లో నాలుగు ముద్దలు గూడా పట్టవు. బిడ్డ చిక్కి సగమైంది. కూటికి గూడా కొలతలా?"

"బిడ్డ తింటే గదా! గద్ద మేసేదానికి నేనెందుకు మోయాల?"

పొద్దున్నే వంటింట్లో అత్త సీనియమ్మాళ్‌కూ కోడలు యువరాణికీ డబ్బా దగ్గర తగువు. సీనియమ్మాళ్ పప్పన్నం పెద్ద డబ్బాలోకి ఎత్తుతుంది. యువరాణి దాన్ని చిన్నదాంట్లోకి మారుస్తుంది.

"మీ డబ్బా పంచాయితీ తీరేలోగా బస్సు సాత్తూరు దాటిపోతాది," అన్నాడు సతీష్‌కుమార్, కూతురిని భుజాన వేసుకుని.

చివరికి చిన్న డబ్బానే బస్సెక్కింది.

సంగవికి నాలుగేళ్లు. రక్త క్యాన్సర్ అన్నారు. కోవిల్‌పట్టి పక్క పల్లె నుంచి విరుదునగర్ ఆసుపత్రికి రోజు విడిచి రోజు ప్రయాణం. ఎండాకాలంలో మొదలైంది, పత్తి విత్తనాల వేళ దాకా వచ్చింది. జుట్టంతా రాలిపోయింది.

జుట్టు గురించి ఎవరూ దిగులుపడటం లేదు. దిగులంతా తిండి గురించే.

"బరువు తగ్గితే మందు ఆపాల్సి వస్తుంది. ఈ దశలో మందు ఆగకూడదు," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంట్లో సంగవి ముద్దను చూస్తేనే పెదవులు బిగిస్తుంది.

ఆసుపత్రిలో మాత్రం డబ్బా ఖాళీ అయిపోతుంది.

పక్క మంచం దగ్గర ఒక ముసలామె ఉండేది. వంకీ తిరిగిన ముక్కు, గుచ్చి చూసే కళ్లు. ఆమె మనవడు నోటితో తినలేడు. ముక్కులోంచి గొట్టం వేశారు.

బిడ్డకు తోడు ఒక్కరే ఉండాలన్నది వార్డు కట్టుబాటు. మధ్యాహ్నం రిపోర్టుల కోసం యువరాణి కింద లైన్లో నిలబడక తప్పదు. తిరిగి వచ్చేసరికి డబ్బా అడుగంటా తుడిచినట్టుండేది. ముసలామె వేళ్లకు మెతుకులుండేవి.

"పాప తినేసిందమ్మా," అనేది ఆమె తమిళంలో.

"తిన్నావా పాపా?"

సంగవి తలూపేది. మందు మత్తులో ఆ బిడ్డ దేనికైనా తలూపేది.

యువరాణి నమ్మలేదు. ఆమె ఎదుటే అత్తకు ఫోను కలిపేది. బస్సులోనైనా బజారులోనైనా, ఎదుటి మనిషి మీద ఎదుటే చాడీలు చెప్పుకోవడానికి చుట్టూ ఉన్న తమిళులకు అర్థంకాని ఇంటి తెలుగును వాడటం ఆ ఇంటివాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"గద్ద ఈడే కూచోనుండాది అత్తా. మూత తీసేదానికి కాచుకోనుంటాది. దాని మనవడు తినలేడని మన బిడ్డ కూడు ఎత్తుకుంటాది."

"బాగా పెట్టినావు పేరు! ఇంకా చెప్పు, ముక్కు ఎట్టుంటాది?"

"గద్ద ముక్కే!"

ఇద్దరూ నవ్వుకునేవారు. ముసలామె వంగి మనవడి గొట్టం సరిచేస్తూ ఉండేది.

సంగవి బరువు మాత్రం నిలకడగా ఉంది. ఎక్కించే సీసాల పుణ్యం అనుకుంది యువరాణి.

ఆ రోజు చిన్న డబ్బా కూడా ఖాళీ అయింది. తర్వాతిసారి నుంచి యువరాణి డబ్బాను సంచిలో వేసుకుని తనతోనే లైనుకు తీసుకుపోయింది. తిరిగొచ్చి తనే తినిపించబోయింది. సంగవి నోరు తెరవలేదు.

"నేను పెట్టి చూడనా అమ్మా?" ముసలామె తమిళంలో అడిగింది, సగం లేచి.

"అక్కర్లేదు."

ఆమె మళ్లీ కూర్చుంది.

రెండు వారాలకు బరువు తగ్గింది. డాక్టరమ్మ మందు ఆపింది. "ఇంటికి తీసుకెళ్లి ఎలాగైనా తినిపించండి. సోమవారం చూద్దాం."

బయలుదేరేముందు వార్డులోకి తొంగిచూస్తే పక్క మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"ఆ పిల్లాడు తెల్లవారుజామున పోయాడు. అవ్వ వాళ్ల ఊరికి తీసుకెళ్లిపోయింది," అంది నర్సు.

"పావం," అనుకుంది యువరాణి. బస్సులో దారంతా కూతురిని ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. యువరాణి ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది. పెదవులు బిగుసుకున్నాయి.

"ఒక్క ముద్ద, నా బంగారు గదా!"

"అట్ట కాదు. అవ్వ మాదిరి పెట్టు."

"అవ్వ ఈడే ఉండాది గదా. అత్తా, మీరు పెట్టండి."

"ఈ అవ్వ కాదు. గద్దవ్వ."

యువరాణి చెయ్యి ఆగిపోయింది.

"గద్దవ్వ పైనించి వస్తాది. ఎత్తుకపోతా, ఎత్తుకపోతా అంటాది. అది ఎత్తుకపోయేలోగా నేను గబుక్కున తినేస్తా." సంగవి వేళ్లు గోళ్లలా వంచి చూపించింది.

సతీష్‌కుమార్ ఎంగిలిచెయ్యి తుడుచుకుని, వేళ్లు వంచి, కూతురి పళ్లెం మీద గాలిలో తిప్పాడు.

"ఎత్తుకపోతా!"

సంగవి కిలకిలా నవ్వి ముద్ద మింగేసింది. ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. పళ్లెం ఖాళీ అయింది.

పెద్దవాళ్ల పళ్లాలే అలాగే ఉన్నాయి.

"ఆమే తినిపించింది అత్తా," అంది యువరాణి. "ఇన్నాళ్లూ ఆమే."

సీనియమ్మాళ్ తన పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది.

"సోమవారం నుంచి పెద్ద డబ్బానే. నర్సమ్మను అడిగి ఆమెది ఏ ఊరో కనుక్కోండి. నేనే పోయి చెయ్యి పట్టుకోని మన్నించమని అడగతా. ఆమెకు తెలిసేటట్టు అరవంలోనే." తనకు తానే ధైర్యం చెప్పుకున్నట్టు అంది. "ఒకటే మేలు. మనం అనిందంతా తెలుగులోనే గదా. పావం, ఆమెకేమీ తెలీలా."

"గద్దవ్వ నాతో తెలుగులోనే మాట్లాడతాది," అంది సంగవి, గడ్డం మీది పప్పు నాకుతూ. "'నాకు తెలుగు వస్తాదని మీ అమ్మకు చెప్పొద్దు పాపా, పావం, సిగ్గుపడతాది' అనింది."