వినికిడి పెట్టె

ఆ దేశంలో ఎంపీలు గడపలు తొక్కడం ఎప్పుడో మానేశారు. వాళ్ల బదులు వినికిడి పెట్టెలు ఇంటింటికీ వచ్చి, ఓ పూట కూర్చుని మొర విని పోతాయి. పొరుగునున్న ఓ దీవి నుంచి వలసొచ్చిన తెలుగువాళ్లందరూ ఒకే మొర బట్టీ పట్టారు: "దీవిలో తెలుగు మాట్లాడితే జైలు. అక్కడ మిగిలినవాళ్లను కాపాడండి." విన్నదే విని విసిగిన పెట్టెలు సగంలోనే దీపం ఆర్పేసుకుంటున్నాయి.

తన వంతు రాగానే పైడమ్మ చుట్టానికి వేసినట్టు పెట్టెకు పీట వేసింది. అంతలో దీవిలో ఉన్న చెల్లెలు ఫోను చేసింది. చేతినిండా చింతపండు గుజ్జు కావడంతో పైడమ్మ స్పీకరు పెట్టింది.

"అప్పా, పులుసులో బెల్లం ముందెయ్యాలా, ఆకర్నెయ్యాలా?"

"ఆకర్నెయ్యే. ముందేస్తే అడుగంటిపోద్ది."

కబుర్లలో పడి పైడమ్మ మొర సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చి నాలిక్కరుచుకునేసరికి, పెట్టె దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"అమ్మా, ఒక్క సందేహం," అంది పెట్టె. " పులుసు గురించి అడగడానికి ఆవిడ అంత గుసగుసగా మాట్లాడారెందుకు?"

ఏళ్లుగా ఆ గొంతు అలాగే వింటున్న పైడమ్మకు అది గుసగుస అని అప్పుడే తోచింది.

"అక్కడా ఇంటింటికీ నీలాటి పెట్టే ఉంది బాబూ," అంది చెయ్యి కడుక్కుంటూ. "అదీ ఇంటాది."