పసుపు గిన్నె

“ముందుగాల చేతులు జేబులకెళ్లి తీసి మాట్లాడు,” అంది అనంతమ్మ.

గేటు బయట నిలబడ్డ కొత్త మనిషి చేతులు తీయలేదు. యాభై దాటిన వయసు, వెలిసిన చొక్కా, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోనే. పక్కన మంచుగడ్డల డబ్బా పట్టుకుని నర్సు మౌనిక.

ఎల్బీనగర్ వెనక వీధిలో చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా అనంతమ్మ బర్రెల కొట్టం మాత్రం కదల్లేదు. వాసన అంటూ కాలనీవాళ్లు, పేడ అంటూ ఆఫీసులవాళ్లు ఎంతమంది వచ్చినా గేటు దగ్గరే ఆగిపోయారు. ఆమె నోటికి అంత పేరుంది.

“పెద్ద దవాఖాన నుంచి వచ్చినం అమ్మా,” అన్నాడతను. “బర్రెల రోగాలు మనుషులకు అంటుతున్నయా అని చూస్తుండ్రు. పాలు పిండేటోళ్ల రక్తం జరంత ఇస్తే చాలు.”

“మా రక్తం మీకెందుకు? మా బర్రెలకు ఏ రోగం లేదు.”

అది అబద్ధం. మూలన కట్టేసిన బర్రె పొదుగు మీద పొక్కులు లేచాయి.

అయితే అనంతమ్మ లెక్కలో అది రోగం కాదు, అమ్మవారు. అమ్మవారు పోస్తే మందు వేయకూడదు, బయట చెప్పకూడదు. వెన్నలో పసుపు కలిపి ముందు ఆ బర్రె పొదుగుకు రాయాలి. అవే వేళ్లు మళ్లీ అదే గిన్నెలో ముంచి మిగతా బర్రెలన్నిటికీ రాయాలి. అమ్మ చల్లని చూపు అన్నిటి మీదా ఉంటుందని అత్తగారు నేర్పిన పద్ధతి.

లోపల కోడలు అరుణ ఆ పనిలోనే ఉంది. ఆమె బొటనవేలి మీదా అలాంటి పొక్కే లేచింది.

అతను గడ్డంతో అటు చూపించాడు.

“ఆ గిన్నె పక్కకు పెట్టుమనమ్మా. ఒకదాని పుండు ఇంకోదానికి చేతులారా అంటిస్తున్నరు. ఆ బర్రెను అన్నిటి ఎనక పిండుండ్రి. పిండినంక సబ్బుతోని చేతులు కడుగుండ్రి.”

అనంతమ్మకు ఒళ్లు మండింది. తన కొట్టంలో తనకే పాలు పిండడం నేర్పుతాడా?

“ఇంటి గుట్టు లంకకు చేటు. రోగమని పేరు పెట్టుకుంటే రేపు చుక్క పాలు ఎవడు కొంటడు? పెద్ద అంబర్‌పేట్ల గోపయ్యని ఒకాయన ఉండె. విన్నవా?”

“విన్న.”

“పిచ్చోడు. చేతులకు బర్రె పుండ్లు అంటినయని తానే గిరాకోళ్లకు చెప్పుకున్నడు. ఏమైంది? పాలు మోరీల పోసుకున్నడు, బర్రెలు అమ్ముకున్నడు. ఆయన పోసే దిల్‌సుఖ్‌నగర్ హోటళ్లకు ఇయ్యాల నా కొడుకు పోస్తుండు. నేను గోపయ్యను కాను. నడువ్.”

అతను గేటుకు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

“నిజమేనమ్మా. నువ్వు గోపయ్యవు కావద్దనే చెప్తున్న. కోడలి చెయ్యన్న చూపియ్యి.”

గేటు ధడాలున మూసుకుంది.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. చివరికి అనంతమ్మ పేడనీళ్ల బకెట్ ఎత్తి గేటు మీద నుంచి కుమ్మరించింది. తడిసిన చొక్కా దులుపుకోవడానికి కూడా అతను చేతులు బయటికి తీయలేదు.

“ఎంత పొగరు,” అనుకుందామె.

ఆ తర్వాత అతను రాలేదు. గెలిచానని అనంతమ్మ ఆ పూట కడుపునిండా తింది.

వారం తిరిగేసరికి పొదుగు ముట్టుకుంటే ప్రతి బర్రే తన్నసాగింది. అన్నిటికీ పొక్కులే. అరుణ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. ఒంటి మీద జ్వరం. ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే ఎత్తుకోబోయింది.

“పిల్లను ముట్టకు,” అని అరిచింది అనంతమ్మ.

అరిచాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. అమ్మవారి చల్లని చూపే అయితే పిల్లను ముట్టొద్దని ఎందుకన్నట్టు?

పాల క్యాన్లు సర్దుతున్న కొడుకు బాల్‌రాజ్‌ను ఆపింది.

“హోటలోళ్లకు చెప్పు. బర్రెలకు పుండ్లయినయి, తగ్గేదాక పాలు బంద్.”

“అట్ల చెప్తరా అమ్మా? గిరాకి మొత్తం పోతది.”

“పోతే పోనియ్. గిరాకి మళ్ల సంపాదిస్త. నీ పెండ్లాం చెయ్యి మళ్ల తేగలనా? నువ్వు చెప్తవా, నన్నే పోయి చెప్పుమంటవా?”

దవాఖానలో మౌనికే అరుణ చేతికి కట్టు కట్టింది. సమయానికి వచ్చారు, భయం లేదని డాక్టరు చెప్పాక గానీ అనంతమ్మ బెంచీ మీద కూర్చోలేదు. కూర్చున్నాక, ఎవరూ అడగకముందే తన చెయ్యి చాపింది.

“నా రక్తం గూడ తీయి బిడ్డా. ఆ మనిషిని మళ్ల తోల్కరా. ఈసారి ఎంబడి నేను తిరుగుత. ఏ కొట్టపోళ్లు గేటు తీయరో నేనూ చూస్త.”

“ఆయన ఇంక రాడవ్వా. ఎవ్వలు గేటు తీయలే. మీ గేటే ఆఖరుది. నల్లగొండ దిక్కు సొంతూరికి పోయిండు. ఎవలయో గొర్లు కాస్తుండట.”

“గొర్లు కాసుడేంది? మీ దవాఖాన మనిషి కాదా?”

“కాదవ్వా. జీతం లేదు, ఏం లేదు. తనంతట తానే వచ్చి నాకు కొట్టాలు చూపించేటోడు. చేతుల మీద మచ్చలు చూస్తే జనం దూరం జరుగుతరని జేబులకెళ్లి తీయకపోయేది.”

సూది గుచ్చిన చెయ్యి అలాగే ఉంచి అనంతమ్మ ముందుకు వంగింది.

“ఆయన పేరేంది బిడ్డా?”

మౌనిక సూది తీసి, ఆమె చేతి మీద దూది అదిమి పెట్టి, తలెత్తకుండా అంది.

“గేటు కాడ మీ నోటితోనే చెప్పిండ్రు గదవ్వా, పెద్ద అంబర్‌పేట్ గోపయ్య.”