రెండో సాక్షి

ఈ సాయంత్రం గేటు మూసేలోగా ఇంకొక్కరైనా ఆ పిట్టను చూడకపోతే, బోర్డు మీద దాని గురించి రాసింది చెరిపేస్తారు.

"రూలు నాది కాదు పెయింటర్ గారూ," అన్నాడు మడుగు కాపలాదారు. "కొత్త పిట్టయితే వారంలోగా రెండో మనిషి కూడా చూడాలి. లేదంటే చెరిపెయ్యమన్నారు."

"నేనేమన్నా అన్నానా? చెరిపెయ్యి." అన్నాడు పెయింటర్, మడుగు మీంచి చూపు తిప్పకుండా.

మడుగు ఒడ్డున, పక్షులు బెదరకుండా చాటునుంచి చూడడానికి కట్టిన చెక్క గది అది. ఒక పొడవాటి బల్ల, వెడల్పు తక్కువ కిటికీ, చూసినవి రాయడానికి ఓ రిజిస్టరు. షాపులకు బోర్డులు రాసే పని మానేశాక ఆయన రోజూ ఇక్కడికే వచ్చేవాడు. భార్య పోయాక ఇంట్లో ఆయన్ని పలకరించేది కుక్కర్ విజిల్ ఒక్కటే. ఇక్కడ మాత్రం ఏముంది? బాతులూ కొంగలూ తప్ప నరమానవుడు కనిపించేవాడు కాదు.

పోయిన ఆదివారం ఆయన రిజిస్టరులో ఆ పిట్ట బొమ్మ వేశాడు. నల్లటి తల, రెక్కల కొసల్లో ఎర్రటి చారలు. కాపలాదారు ఆ సంగతి గది బయట బోర్డు మీద రాశాడు. మర్నాటికల్లా పుట్ట పగిలినట్టు జనం. కెమెరాలు, స్టాండ్లు, మడత కుర్చీలు.

"ఎక్కడ వాలింది సార్?"

"ఎంతసేపుంది?"

ఒకాయన బిస్కెట్లు పెట్టాడు. ఒకామె ఈయన ఫ్లాస్కులో టీ తాగి బాగుందంది. ఆ రోజు ఆయన మాట్లాడినంత, అంతకుముందు ఏడాదంతా కలిపినా మాట్లాడి ఉండడు.

ఎంత పిచ్చి ఉన్నా ఎన్నాళ్లని కళ్లు కాయలు కాయించుకుంటారు? బుధవారానికి సగం మంది తగ్గారు. శుక్రవారం ముగ్గురొచ్చారు. ఇవాళ శనివారం, టీ మెచ్చుకున్న ఆవిడ ఒక్కతే వచ్చింది. నర్సుగా చేసి రిటైరైందట. ఆవిడకూ ఇంట్లో గోడలే తోడట.

పొద్దు వాలింది. కాపలాదారు తడిగుడ్డ పట్టుకొచ్చాడు. పెయింటర్ బైనాక్యులర్స్ పెట్టెలో పెట్టేశాడు. రేపట్నుంచి ఈవిడ కూడా రాదనుకుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగు బాబూ," అంది నర్సమ్మ. "నేను చూశాను. పొద్దున్నే, అన్నయ్యగారు రాకముందు. ఆ తుంగలో ఉంది. అచ్చం ఈ బొమ్మలో ఉన్నట్టే."

"మరి ఇందాకట్నుంచీ చెప్పలేదేమ్మా?"

"ఇంకోసారి చూశాక చెబుదామనుకున్నాను."

రిజిస్టరులో పెయింటర్ పేరు కింద సంతకం పెట్టింది. కాపలాదారు గుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"రేపు కూడా రండి అన్నయ్యగారూ," అంది, ఆయన వైపు చూడకుండా. "మళ్లీ కనబడుతుందేమో."

పెయింటర్ ఫ్లాస్కులో మిగిలిన టీ ఆవిడకు పోశాడు.

ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారేమోనన్న ఆశతో, పోయిన ఆదివారం తన బుర్రలోంచి పుట్టించి బొమ్మ వేసిన పిట్ట అది.