బామ్మగారి పువ్వుల గిన్నె

"నాన్నా, ఇందులో ఎముకలున్నాయి! బామ్మకి చెప్పకు."

ఒక చేత్తో సెల్‌ఫోనూ, ఇంకో చేత్తో కడిగిన పంచదార గిన్నే పట్టుకుని శాంభవి గుసగుసలాడింది.

అచ్యుతరామారావు గిన్నె అందుకుని తిరగేసి చూశాడు. గిన్నె అడుగున ఉన్న ముద్రని ఫొటో తీసి వెతికిందట పిల్ల. నూట యాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు పింగాణీ. గులాబీలు చేత్తో వేసినవి. అంతవరకూ బాగానే ఉంది. మట్టిలో సగానికి సగం పశువుల ఎముకల బూడిద!

ఆయన తల్లి భ్రమరాంబగారు సత్యనారాయణపురంలో మడికి మారుపేరు. కిందటేడు ఎవరో కేకు పెట్టిన ప్లేటులో ఇడ్లీ పెట్టారని మూడు రోజులు పస్తున్నారు. అలాంటావిడ కాపరానికి వచ్చిన కొత్తల్లోంచీ కాఫీలోకి పంచదార ఈ గిన్నెలోంచే వేసుకుంటున్నారు.

"చెబితే ఇంకేమన్నా ఉందా? పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఎనభై దాటిన మనిషి" అన్నాడు భార్యతో.

"చెప్పకపోతే ఆ పాపం మనకి చుట్టుకుంటుందండీ" అంది రమాసుందరి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు ఆయనకి అన్నం సయించలేదు. తల్లి గిన్నెలో చెంచా ముంచినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకునేవాడు. చివరికి బీసెంట్ రోడ్డుకెళ్లి స్టీలు డబ్బా కొనుక్కొచ్చి, పంచదార అందులో పోసి, గిన్నెని అటకెక్కించాడు.

"నా గిన్నేదిరా?"

"అంచు పెచ్చు ఊడిందమ్మా."

"నీ మొహం! నిజం చెప్పు."

నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషికి ఒక్క అబద్ధం చెప్పడం చేతకాలేదు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాడు.

"తెలియక చేసినదానికి దోషం లేదమ్మా. అన్నం మాత్రం మానకు" అంటూ ఏడ్చేశాడు.

ప్రాయశ్చిత్తం ఏమిటో కనుక్కుందామని రమాసుందరి అప్పటికే పురోహితుడికి ఫోను కలుపుతోంది.

"ఆ ఫోను పెట్టెయ్యవే అమ్మాయ్" అన్నారు భ్రమరాంబగారు, కొడుకు కళ్లు కొంగుతో తుడుస్తూ. ఆవిడ బోసినోటి నిండా నవ్వే.

"పిచ్చి సన్నాసీ, ఎముకల గిన్నెలో పోసుకుంటే మా అత్తగారు నా పంచదార జోలికి రారనే కదరా, మీ నాన్నచేత బందరులో ఏరికోరి ఇదే కొనిపించాను!"