మందం రెక్క

డాబా మీద కూసొని నేనూ, నా బిడ్డ రవళీ ఒక రెక్కను గరుకు కాయితంతోని రుద్దుతానం.

సముద్రంల పలక మీద నిలబడి, పెద్ద పతంగి పట్టుకొని ఉరికే ఆట ఒకటున్నది. ఈ రెక్క ఆ పలక కింద నీళ్లల్ల ఉంటది. స్పీడ్ అందుకోంగనే పలకను, మనిషిని నీళ్ల మీదికి లేపుతది. ఇసొంటివి చేసుడే రవళి పని.

ఎప్పుడు కత్తి లెక్క సన్నగ చేసే పిల్ల, ఈసారి ఇంత వెడల్పు, ఇంత మందం చేసింది.

“సన్నంది జోరుగ ఉరికేటోళ్లకు అమ్మా. మందంది మెల్లగ పోయినా లేపుతది. కొత్తోళ్లకు, బరువున్నోళ్లకు ఇదే మంచిది.”

“ఎంత బరువేంది?”

“ఎనభై నాలుగు కిలోలు.”

“అంత మనిషికి సముద్రమెందుకు, ఇంట్ల కూసోక? ఈతన్న వస్తదా?”

“రాదు. లైఫ్ జాకెట్ ఉంటది.”

“అయినా బరువు అడిగితె ఎవలు నిజం చెప్తరు? తక్కువ చేసి చెప్పిండ్రేమో చూస్కో.”

“నేను అడగలే,” అన్నది రవళి, తల ఎత్తకుంట. “మొన్న మేడారం జాతరకు మొక్కు బెల్లం జోకుతాంటె కాంట పక్కన నేనే ఉన్న.”

నా చెయ్యి ఆగింది. ఆ కాంట మీద కూసున్నది నేను. నా బరువుకు తూగే బెల్లమే తల్లులకు ఇచ్చినం.

“నాకెందుకే ఇవన్నీ?”

“ఫోన్ల ఈ ఆట వీడియో పెట్టినప్పుడల్ల నా పక్కకొచ్చి కూసుంటవు గదా. ‘నీళ్లకు ఆనకుంట పోతాండ్లు’ అనుకుంట మళ్ల మళ్ల పెట్టమంటవు.”

వేలు పెట్టి అంచు చూసిన. ఇంక గరుకుగనే ఉన్నది. కాయితం మళ్ల తీసుకున్న.

“జాతరయినంక రెండు కిలోలు తగ్గిన,” అన్న. “అది గూడ లెక్కల రాసుకో.”