బయటివాళ్ల చెత్త

"కంప్యూటర్ కోసమేనా వచ్చింది?"

గడపలో నిలబడ్డ మనిషి నోరు తెరిచేలోపే సుహాసిని అడిగేసింది. అతను ఆమె వంక చూశాడు, గోడవార ఉన్న కంప్యూటర్ వంక చూశాడు, తలూపాడు.

"పొద్దుగాల నుంచి మీకోసమే చూస్తున్న. రాండ్రి, కూసోండ్రి. రూప చెప్పే ఉంటది గదా, దీని కథ."

పాలమూరు నుంచి కంప్యూటర్ పని తెలిసినాయనను పంపిస్తానని స్నేహితురాలు రూప నిన్ననే చెప్పింది. నారాయణపేటలో చీరల అంచులకు డిజైన్లు గీసే సుహాసినికి ఆ కంప్యూటరే మగ్గం. దసరాకు ఆమె కొత్త అంచు తెస్తోందని తెలిసి పేటలో తక్కిన డిజైన్ల వాళ్లందరూ చెవులు రిక్కించుకొని ఉన్నారు. ఇట్లాంటప్పుడు కంప్యూటర్ మొరాయించింది. అప్‌డేట్ అంటే చాలు, తెర నిండా ఎర్రక్షరాలు.

వచ్చినాయన కుర్చీ లాక్కొని రెండు మూడు కమాండ్లు కొట్టాడు. తెర మీద రిపాజిటరీల పేర్లు బారులు తీరాయి. ముక్కుతో నవ్వాడు.

"ఇవన్నీ ఎవరు పెట్టిండ్రు మేడమ్?"

"ఇంకెవరు, గీ మహానుభావుడే."

పక్క బల్ల దగ్గర గళ్ల కాగితం మీద పువ్వు గీస్తున్న బషీర్ తల ఎత్తలేదు. నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాడు. ఆ కంప్యూటర్‌లో విండోస్ తీయించి లైనక్స్ పెట్టించింది అతనే.

"రిపాజిటరీ అంటే సాఫ్ట్‌వేర్ దొరికే దుకాణం అనుకోండ్రి," అన్నాడు వచ్చినాయన. "లైనక్స్‌కు సొంత దుకాణం ఉంటది. అది చాలదని ఈయన ఊర్ల ఉన్న దుకాణాలన్నీ కలిపిండు. సగం ఎప్పుడో మూతబడ్డయి. అప్‌డేట్ కొట్టినప్పుడల్లా మిషన్ పోయి ఆ మూసిన తలుపులు కొడుతున్నది."

సుహాసినికి ప్రాణం లేచివచ్చింది. తను ఇన్నాళ్లూ అనుకుంటున్నదే మరొకరి నోట వినడంలో ఉన్న సుఖం ఆమెకు తెలిసింది.

"వీడియోల ఎవడు ఏం చూపిస్తే అది పెట్టుడే ఈయనకు. పాటలకొకటి, ఫాంట్లకొకటి, తెర మీద చేపలు ఈదేటందుకు ఇంకొకటి."

"ఫాంట్లు మీరే అడిగిన్రు అక్కా," అన్నాడు బషీర్.

"ఫాంట్లు అడిగిన. అంగడి అడగలే."

వచ్చినాయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. బషీర్ పెన్సిల్ పక్కన పెట్టాడు.

"మీది పాలమూరేనా అన్నా? ఏ దుకాణంల చేస్తరు?"

అతను తెర మీంచి కళ్లు తిప్పేలోపే సుహాసిని అందుకుంది.

"ఆయన ఊరు తెలుసుకోని నువ్వేం చేస్తవు? పని తెలిసినోళ్లను చూస్తే నీకు కడుపుమంట. పోయి చాయ్ చెప్పు."

బషీర్ చెప్పులేసుకొని బయటికి నడిచాడు.

"ఏదీ తీయకముందు మీ ఫైళ్లన్నిటికీ ఒక కాపీ పెట్టుకోవాలె మేడమ్. రేపు ఏమన్న అయితే పనికొస్తది," అంటూ వచ్చినాయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి తగిలించాడు.

"చూసిండ్రా. గీ బుద్ధి వాడికి ఒక్కనాడన్న పుట్టిందా?"

కాపీ అయ్యాక ఒక్కో రిపాజిటరీ తీసేయడం మొదలుపెట్టాడు. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూసి, పనికిరానిది కొట్టేసి, దాని తాళంచెవి కూడా వెతికి తీసేశాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చే ఒక్కదాన్ని మాత్రం ఉంచాడు.

"తాళంచెవి ఏంది?" అందామె.

"బయటి రిపాజిటరీ కలుపుడంటే వాళ్లను నమ్మి మన ఇంటి తాళంచెవి ఇచ్చుడే. వాళ్లు ఏది పంపితే అది లోపలికొస్తది. అడ్డం చెప్పేటోళ్లుండరు. ఇగ పాస్‌వర్డ్ కొట్టండ్రి."

ఆమె కొట్టింది. బషీర్ ఎంతమంది ముక్కూమొహం తెలియనివాళ్లను ఈ గదిలోకి రానిచ్చాడో తలుచుకుంటే ఒళ్లు మండింది. దసరా కాగానే వాణ్ని పనిలోంచి తీసేయాలనుకుంది. ఆ ఆలోచనతోనే మనసు తేలికపడింది.

అప్‌డేట్ కొట్టారు. ఒక్క ఎర్రక్షరం లేదు. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందా? ఆమె మౌస్ నొక్కింది. తెరుచుకుంది.

"ఏదన్న పెద్ద ఫైలు తీసి చూడండ్రి. మంచిగ నడుస్తున్నదో లేదో తెలుస్తది."

ఆమె కొత్త అంచు తీసింది. వరిగొలుసుల నడుమ చిన్న చిన్న పిచ్చుకలు తెరంతా పరుచుకున్నాయి.

"మంచిగుంది," అన్నాడతను, చాలాసేపు చూసి.

"ఇంతవరకు ఎవ్వరికీ చూపియ్యలే. బషీర్‌కు కూడా సగమే తెలుసు," అంది సుహాసిని, గర్వం దాచుకోకుండా.

బషీర్ చాయ్ తెచ్చేసరికి అతను లేచాడు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. ఎంతివ్వాలని ఆమె అడిగితే, పది దినాలు నడవనియ్యండ్రి, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆమె గడప దాకా వెళ్లి సాగనంపింది. నాలుగేళ్లలో బషీర్‌కు ఆ మర్యాద ఒక్కసారి కూడా దక్కలేదు.

"చూసినవా," అంది వెనక్కి వచ్చి. "పని అంటే గట్లుంటది. పైస కూడ అడగలే. నీకు జన్మల రాదు."

బషీర్ చాయ్ గ్లాసు మీది మీగడను వేలితో పక్కకు తీశాడు.

ఫోన్ మోగింది. తెలియని నంబరు. సుహాసిని ఇంకా నవ్వుతూనే ఎత్తింది.

"మేడమ్, నన్ను రూప మేడమ్ పంపింది, మరికల్ కాడ బస్సు ఖరాబైంది, రేపొస్త."